వారాంతపు విల్లాను అద్దెకు ఇస్తున్నారా? మారిన పన్ను నిబంధనల ప్రకారం లెక్కలు ఇలా సరిచేసుకోండి

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, ఉంటున్న ఫ్లాటు కాక నంది కొండల కిందనో, సకలేశపుర కాఫీ తోటల మధ్యనో, హిందూపురం దాటాక లేపాక్షి దారిలోనో ఇంకొక ఇల్లు కట్టుకొని, తాము వెళ్లని రోజుల్లో దానిని పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇస్తున్నవారు ఉన్నారు. నేనూ ఆ కోవలోనివాడినే. వృత్తిరీత్యా ఆడిటర్‌ను కాను; నా రిటర్ను నేనే వేసుకుంటూ, చేసిన పొరపాట్లు నేనే దిద్దుకుంటూ వచ్చిన ఇంటి యజమానిని.

2024 నుంచి ఈ రకపు ఆదాయంపై ఆదాయపు పన్ను నిబంధనలూ జీఎస్టీ నిబంధనలూ ఒకదాని వెంట ఒకటి మారాయి. వాటిని విడివిడిగా చదివితే అయోమయంగా ఉంటాయి గాని, ఒక్క సంగతి పట్టుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది: మీ ఇల్లు ఆదాయపు పన్ను చట్టానికి ఇల్లుగానూ, జీఎస్టీ చట్టానికి బసగానూ కనబడుతుంది. ఒక చట్టంలో చెల్లే తర్కాన్ని రెండో చట్టానికి తీసుకువెళ్లినప్పుడే తప్పులు జరుగుతాయి. అందుకే రెండు లెక్కలనూ వేరువేరు ఫైళ్లలో పెట్టుకొని మొదలుపెట్టండి.

1. ఆదాయం ఏ పద్దు కిందికి వస్తుందో ముందు తేల్చుకోండి

2024 వరకు చాలామంది యజమానులు ఇలాంటి అద్దెను వ్యాపార ఆదాయంగా చూపించేవారు. అలా చూపితే కేర్‌టేకర్ జీతం, కరెంటు బిల్లు, దుప్పట్లు, బుకింగ్ కమీషన్, పైగా భవనం మీదా సామాను మీదా తరుగుదల, అన్నీ ఖర్చుల కింద తగ్గించుకునే వీలుండేది. 2024 జూలై బడ్జెట్ ఈ దారిని మూసింది. నివాస గృహాన్ని గాని, అందులో కొంత భాగాన్ని గాని యజమాని అద్దెకు ఇవ్వగా వచ్చే ఆదాయం వ్యాపార పద్దులోకి రాదనీ, ‘ఇంటి ఆస్తిపై ఆదాయం’ అనే పద్దు కిందనే పన్ను పడుతుందనీ ఆదాయపు పన్ను చట్టం 28వ సెక్షనుకు వివరణ చేర్చారు. ఇది 2024-25 ఆర్థిక సంవత్సరపు ఆదాయం నుంచే వర్తించింది.

ఈ పద్దులో తగ్గింపులు మూడే ఉంటాయి. యజమాని ఆ ఏడాది నిజంగా కట్టిన ఆస్తి పన్ను ఒకటి. అది తీసివేయగా మిగిలిన దానిపై 30 శాతం రెండోది. ఖర్చు ఎక్కువైనా తక్కువైనా, అసలు లేకపోయినా ఇంతే. గృహ రుణం మీద వడ్డీ మూడోది. ఇక కమీషనుకూ జీతాలకూ సోఫా సెట్టుకూ చోటు లేదు.

లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 9,60,000 రూపాయల అద్దె, 14,000 ఆస్తి పన్ను, నిర్వహణకు 4,30,000 ఖర్చు అనుకోండి. వ్యాపార పద్దులో అయితే తరుగుదల, వడ్డీ తీయకముందు మిగిలేది 5,16,000. ఇంటి పద్దులో అయితే 9,46,000 నుంచి 30 శాతం, అంటే 2,83,800 పోగా 6,62,200 మిగులుతుంది. తేడా 1,46,200. మీ జీతం ఇప్పటికే 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్సుతో కలిపి సుమారు 45,600 రూపాయల అదనపు పన్ను పడుతుంది. ఒక్క మనిషిని పెట్టి, పెద్దగా ఖర్చు లేకుండా నడిపే చిన్న ఇంటికి మాత్రం ఈ 30 శాతమే లాభసాటి. కాబట్టి బడ్జెట్‌ను తిట్టుకునే ముందు మీ అంకెలు వేసి చూసుకోండి.

ఇక్కడ ఒక సందిగ్ధం ఉంది. చట్టంలోని మాట ‘నివాస గృహాన్ని అద్దెకు ఇవ్వడం’. రిసెప్షన్, వంటగది, రోజూ పడకలు మార్చే సిబ్బంది, వ్యాపార లైసెన్సు ఉన్న పది గదుల వసతి గృహం ఆ మాటలో ఇమడదనే వాదనకు బలం ఉంది. తాళంచెవి ఇచ్చి, వెళ్లేటప్పుడు తిరిగి తీసుకునే రెండు పడకగదుల విల్లాకు మాత్రం ఆ వాదన నిలవదని నా అభిప్రాయం. మీ ఇల్లు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటే, అందిస్తున్న సేవల జాబితా రాసుకొని ఆడిటర్ గారి ముందు పెట్టండి. ఒకసారి ఎంచుకున్న పద్దును ఏటేటా మార్చకండి.

కాఫీ తోటలో హోమ్‌స్టే నడుపుతున్నవారికి ఒక హెచ్చరిక. భవనం తోటలోనే ఉన్నా, దానిని బసకు ఇవ్వగా వచ్చినది వ్యవసాయ ఆదాయం కాదు. పన్ను మినహాయింపు దానికి రాదు.

2. అద్దెనూ ఇతర సేవలనూ బిల్లులోనే విడగొట్టండి

భోజనం, జీపు ప్రయాణం, రాత్రి చలిమంట, ఇవన్నీ అద్దెలో కలిపి ఒకే మొత్తంగా వసూలు చేసేవారు ఎక్కువ. అలా చేస్తే భోజనం డబ్బు కూడా అద్దెగా లెక్కకు వచ్చి, దానికైన సరుకుల ఖర్చును చూపించే వీలు పోతుంది. వేరుగా బిల్లు చేస్తే సేవల ఆదాయం వేరే పద్దులోకి వెళ్తుంది. దాని ఖర్చు దానిలోంచే తగ్గుతుంది. అయితే సేవల ఆదాయం వ్యాపార ఆదాయమైతే మీ రిటర్ను ఫారం ఐటీఆర్-2 నుంచి ఐటీఆర్-3కు మారుతుందని, దాని పర్యవసానం ఒకటి కింద అయిదో అంశంలో వస్తుందని గుర్తుంచుకోండి. ఏడాదికి అయిదారు వేల రూపాయల భోజనాల కోసం ఆ తలనొప్పి తెచ్చుకోవడం కంటే, వంట మనిషికి అతిథులే నేరుగా ఇచ్చుకునే ఏర్పాటు చేయడం నయం.

3. బ్యాంకులో పడిన మొత్తాన్ని కాక, అతిథి ఇచ్చిన మొత్తాన్ని అద్దెగా రాయండి

ఈ తప్పు నేనే చేశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రాత్రికి 7,000 చొప్పున రెండు రాత్రుల బుకింగ్ వచ్చిందనుకోండి. అద్దె 14,000. బుకింగ్ సంస్థ 15 శాతం కమీషన్ కింద 2,100, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ కింద 378, టీడీఎస్, అంటే మీ పేరిట ముందే కోసి పన్ను శాఖకు కట్టే పన్ను, కింద 14 రూపాయలు పట్టుకొని 11,508 మాత్రమే ఖాతాలో వేస్తుంది. 2024-25 ఆదాయానికి రిటర్ను వేసినప్పుడు నేను అలాంటి జమలన్నీ కూడి, అదే అద్దె అని రాశాను. పన్ను శాఖ వద్ద ఉన్న నా వార్షిక సమాచార నివేదికలో, అంటే ఏఐఎస్‌లో, బుకింగ్ సంస్థ తెలిపిన మొత్తం అంకె ఉంది. కొన్ని వారాలకు రెండూ పొసగడం లేదని సందేశం వచ్చింది. బుకింగ్ సంస్థ సహాయ కేంద్రానికి రాస్తే వారు పంపిన నెలవారీ పట్టికలో కమీషన్ ఒక వరుసలో, దానిపై పన్ను ఇంకో వరుసలో, రద్దయిన బుకింగుల సర్దుబాట్లు మూడో చోట ఉండి, వాటిని కలిపేసరికి రెండు ఆదివారాలు గడిచిపోయాయి. చివరికి డిసెంబరులో సవరించిన రిటర్ను వేసి, తేడా పన్నును వడ్డీతో సహా కట్టాను.

ఆ టీడీఎస్ సంగతీ తెలుసుకోండి. ఈ-కామర్స్ సంస్థలు పట్టుకునే ఈ టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 1 శాతం నుంచి 0.1 శాతానికి తగ్గింది. వ్యక్తుల విషయంలో ఏడాది మొత్తం 5 లక్షలు దాటకపోతే, పాన్ గాని ఆధార్ గాని ఇచ్చి ఉంటే అసలు పట్టుకోరు. అవి ఇవ్వకపోతే 5 శాతం పోతుంది. రేటు తగ్గింది కదా అని ఊరట పడవద్దు. కోత చిన్నదైనా సమాచారం మాత్రం పూర్తిగా శాఖకు చేరుతూనే ఉంది.

ఐటీ కంపెనీలు టీమ్ విహారానికి విల్లా మొత్తాన్ని నేరుగా తీసుకున్నప్పుడు నిబంధన వేరు. ఒక కంపెనీ ఒక నెలలో ఇచ్చే అద్దె 50,000 దాటితేనే 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి ఏడాదికి 2,40,000గా ఉండేది.

4. దస్తావేజులో, బుకింగ్ ఖాతాలో, బ్యాంకులో ఒకే పేరు ఉందో లేదో చూడండి

మారతహళ్లిలో ఉండే మా తోడల్లుడి విల్లా దస్తావేజు దంపతులిద్దరి పేర, సగం సగం వాటాతో ఉంది. బుకింగ్ ఖాతా మాత్రం ఆయన ఒక్కడి పాన్‌తో తెరిచారు. “డబ్బు నా ఖాతాలోనే పడుతోంది కదా అన్నయ్యా, ఆదాయం నాదే అవుతుంది గదా” అన్నారు. కాదు. ఇంటి ఆస్తి ఆదాయం యాజమాన్యాన్ని బట్టి పోతుంది గాని, డబ్బు పడిన ఖాతాను బట్టి కాదు. వాటాలు స్పష్టంగా ఉన్నప్పుడు ఎవరి వాటా ఆదాయం వారి రిటర్నులో రావాలి. టీడీఎస్ మాత్రం ఆయన పాన్ మీదే నమోదవుతుంది గనుక, భార్య వాటాకు చెందిన టీడీఎస్ ఆమెకు జమ అయ్యేలా బుకింగ్ సంస్థకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయాలి.

దీనికి తలకిందులుగా, డబ్బు మొత్తం భర్తే పెట్టి, ప్రతిఫలం ఏమీ లేకుండా భార్య పేర ఇల్లు రాసి ఇచ్చినా, ఆదాయం భర్తదిగానే లెక్కిస్తారు. పేరు మార్చితే పన్ను తగ్గుతుందనే సలహా పెళ్లి భోజనాల దగ్గర విన్నదైతే అక్కడే వదిలేయండి.

5. పాత విధానమా, కొత్త విధానమా అన్నది రుణం వడ్డీని బట్టి నిర్ణయించుకోండి

ఆదాయపు పన్నును తగ్గింపులు ఎక్కువగా ఉన్న పాత విధానంలో గాని, శ్లాబులు వేరుగా ఉన్న కొత్త విధానంలో గాని కట్టవచ్చు. అద్దెకు ఇచ్చిన ఇంటి మీద వడ్డీ తగ్గింపుకు రెండు విధానాల్లోనూ పరిమితి లేదు. తేడా నష్టం వచ్చినప్పుడు బయటపడుతుంది. పై లెక్కలోని 6,62,200 నుంచి ఏడాది వడ్డీ 7,20,000 తీసేస్తే 57,800 నష్టం. పాత విధానంలో ఈ నష్టాన్ని, ఏడాదికి 2 లక్షల పరిమితిలో, జీతం మీద సర్దుకోవచ్చు. కొత్త విధానంలో జీతంతో సర్దుబాటు కుదరదు. అయినా, చాలామంది జీతగాళ్లకు కొత్త విధానపు శ్లాబులే మేలుగా ఉన్నాయి కాబట్టి, ఈ ఒక్క నష్టాన్ని చూసి పాత దానికి వెళ్లకుండా మొత్తం పన్నును రెండు విధాలా లెక్కగట్టి పోల్చండి.

వ్యాపార ఆదాయం లేనివారు ఏటా గడువులోగా విధానాన్ని ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉంటే, పాత విధానంలోకి వెళ్లినవారు కొత్త దానికి తిరిగి రాగలిగేది ఒకే ఒక్కసారి. భోజనాల బిల్లు కోసం ఐటీఆర్-3కు మారడం గురించి పైన చెప్పిన పర్యవసానం ఇదే.

ఏడాదిలో కొన్ని వారాలు మీరే వెళ్లి ఉంటున్నారనుకోండి. ఆ ఇంటిని స్వంత నివాసంగా చూపించే వీలు లేదు; ఏడాదిలో కొంతకాలమే అద్దెకు ఇచ్చినా ఆ వెసులుబాటు పోతుంది. బెంగళూరులోని ఫ్లాటు, ఊళ్లో పెద్దల నాటి ఇల్లు, ఈ రెండింటినీ స్వంత నివాసాలుగా చూపుకోవచ్చు. వాటికి అడ్డు లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం-2025 అమల్లోకి వచ్చింది. ‘గత సంవత్సరం’, ‘మదింపు సంవత్సరం’ అనే జంట పోయి ‘పన్ను సంవత్సరం’ అనే ఒకే మాట మిగిలింది. టీడీఎస్ సెక్షన్లు చాలావరకు 393వ సెక్షనులోకి చేరాయి. 2025-26 ఆదాయానికి వేసే రిటర్ను మాత్రం పాత చట్టం ప్రకారమే ఉంటుంది కాబట్టి, ఫారాల్లో పాత సంఖ్యలు కనిపిస్తే కంగారుపడకండి.

6. జీఎస్టీలో 20 లక్షల గీతను సరిగా లెక్కపెట్టండి

ఒక కుటుంబం నివాసానికి నెలవారీ అద్దెకు తీసుకుంటే జీఎస్టీ ఉండదు. రోజువారీ బస అలా కాదు. రోజుకు 1,000 రూపాయల లోపు గదులకు ఉన్న మినహాయింపు కూడా 2022 జూలై 18న రద్దయింది. మీ వార్షిక టర్నోవరు 20 లక్షల లోపు ఉంటే మీరు జీఎస్టీకి నమోదు చేసుకోనక్కరలేదు. ప్లాట్‌ఫామ్, అంటే బుకింగ్ సంస్థ, ద్వారా వచ్చిన బుకింగులకు జీఎస్టీని ఆ సంస్థే అతిథి వద్ద వసూలు చేసి కడుతుంది. నేరుగా వచ్చిన బుకింగులకు ఏమీ ఉండదు.

తప్పు జరిగేది ఆ 20 లక్షలు లెక్కపెట్టడంలో. అది మీ పాన్ మీద దేశమంతటా ఉన్న మొత్తం, పైగా పన్ను మినహాయింపు ఉన్న రాబడి కూడా అందులోకి వస్తుంది. విల్లా మీద 13,00,000 వస్తోందనీ, వైట్‌ఫీల్డులో రెండు ఫ్లాట్లు నెలకు 30,000 చొప్పున కుటుంబాలకు ఇచ్చారనీ అనుకోండి. ఫ్లాట్ల అద్దె మీద జీఎస్టీ లేదు గాని, దాని 7,20,000 కూడా కలిపితే 20,20,000 అయింది. గీత దాటారు. జీతం మాత్రం ఇందులోకి రాదు. దాటిన నాటి నుంచి 30 రోజుల్లో నమోదుకు దరఖాస్తు చేసి, ఆపైన అన్ని బుకింగులకూ పన్ను మీరే కట్టాలి; ప్లాట్‌ఫామ్ అప్పుడు మీకిచ్చే డబ్బులోంచి 0.5 శాతం టీసీఎస్ అనే ముందస్తు జీఎస్టీ కోత మాత్రమే పట్టుకుంటుంది. ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే నమోదు అక్కడే. లేపాక్షి దగ్గర విల్లా ఉన్న బెంగళూరు వాసి ఆంధ్రప్రదేశ్‌లో నమోదు కావాలి.

వాట్సాప్‌లో మాట్లాడుకొని ఫోన్‌పే చేయించుకున్న బుకింగులు ఎవరికీ కనబడవని అనుకునేవారికి ఒక సంగతి గుర్తు చేయాలి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ రాబడుల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు, బెంగళూరులో ఎన్నో కొట్ల ముందు ‘యూపీఐ లేదు, నగదే’ అనే అట్టముక్కలు వేలాడాయి.

7. రాత్రి అద్దె 7,500 దాటే చోట ఆగి ఆలోచించండి

2025 సెప్టెంబరు 22 నుంచి, రోజుకు ఒక యూనిట్ 7,500 రూపాయలు మించని బసకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది; మించితే 18 శాతమే. తగ్గిన రేటుతో పాటు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టవలసిన దానిలో తగ్గించుకునే వీలు, పోయింది. అంటే ఏసీకీ పరుపులకూ కట్టిన జీఎస్టీ ఇక మీ ఖర్చే. కొత్తగా సామాను కొనబోయేవారు ధర అడిగేటప్పుడే జీఎస్టీతో కలిపి అడగండి.

రేటు ఆ రాత్రి నిజంగా వసూలు చేసిన ధరను బట్టి పడుతుంది. 7,500 ధర పెడితే అతిథి కట్టేది 7,875. శనివారం కదా అని 100 పెంచి 7,600 చేస్తే అతను 8,968 కట్టాలి. మీకు వచ్చిన వందకు అతనికి పడిన అదనపు భారం 1,093. ధరను సీజనును బట్టి తనంతట తానే మార్చే ఏర్పాటు మీ బుకింగ్ ఖాతాలో ఉంటే, దానికి 7,500 వద్ద కట్టుగొయ్య వేయండి, లేదా ఒక్కసారిగా 9,000 పైకి దూకించండి. మధ్యలో వదిలితే ఎవరికీ లాభం లేదు. విల్లా మొత్తం ఒకే యూనిట్‌గా 12,000కు ఇస్తే 18 శాతం పడుతుంది. మూడు గదులను నిజంగానే ముగ్గురు వేరువేరు అతిథులకు 4,000 చొప్పున ఇస్తే 5 శాతం. ఒకే కుటుంబానికి ఇచ్చి కాగితం మీద మూడు ముక్కలు చేయడం మాత్రం అడిగినప్పుడు నిలబడని పని.

వానాకాలంలో విల్లా ఖాళీగా ఉంటుందని బాధపడేవారికి ఒక దారి ఉంది. మనిషికి నెలకు 20,000 మించకుండా, కనీసం 90 రోజులు ఎడతెగకుండా ఇచ్చే బసకు 2024 జూలై 15 నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఇంటి నుంచే పనిచేసే ఒకరిద్దరికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇవ్వడం, మా అనుభవంలో, వారాంతాల వేటకంటే ప్రశాంతంగా గడిచింది.

8. రసీదులూ రిజిస్టరూ భద్రపరచండి

ఆస్తి పన్ను తగ్గింపు కట్టిన ఏడాదికే వస్తుంది. గ్రామ పంచాయతీలో ఉన్న ఇంటికైతే ఈ-స్వత్తు అనే కర్ణాటక పంచాయతీ ఆస్తి రికార్డు ఖాతాలోని పేరు, రసీదులోని పేరు ఒకటేనా అని చూడండి. బెంగళూరు నగరంలో ఫ్లాటును ఇలా ఇస్తున్నవారు స్వంత నివాసంగా ప్రకటించి తక్కువ పన్ను కడుతూ, మరోవైపు ఆదాయపు పన్నులో అద్దె చూపించడం చేయకండి. రెండు పత్రాలూ ఒకదానినొకటి కాదంటాయి. నగరంలో ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేవారికి 5 శాతం తగ్గింపు ఉంటుంది.

ఖాళీగా ఉన్న రాత్రులకు కూడా ఆధారం కావాలి. ఇల్లు అద్దెకు పెట్టినా ఎవరూ రాక అద్దె తగ్గితే, వచ్చిన అద్దెనే లెక్కలోకి తీసుకునే నిబంధన ఉంది గాని, ఖాళీగా ఉందని చూపవలసింది మీరే. మా కేర్‌టేకర్ గేటు పక్క గదిలో మేకుకు తగిలించిన గీతల నోటుపుస్తకంలో ప్రతి రాత్రికీ ఒక వరుస రాస్తాడు. అతిథి వస్తే పేరు, మనుషుల సంఖ్య, ఇచ్చిన డబ్బు, రాకపోతే కన్నడంలో ‘ఖాలి’ అని. నెలాఖరున ఆ పేజీని ఫొటో తీసి, బుకింగ్ సంస్థ నెలవారీ పట్టిక పక్కన పెట్టి, తేడా ఉన్న రాత్రుల దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేసి అడుగుతాను.